లాభం, రెండు, మూడు

మా నాన్న రైసుమిల్లులో గుమస్తా. లారీలోకి బస్తాలు ఎక్కుతుంటే గేటు పక్కన స్టూలు వేసుకుని లెక్క రాయడం ఆయన పని. హమాలీ వీపు మీది బస్తా తన ముందు నుంచి దాటగానే నోట్లో ఒక అంకె, పుస్తకంలో ఒక గీత. నాలుగు నిలువు గీతలు పడ్డాక ఐదోది అడ్డంగా. సెలవుల్లో అన్నం క్యారేజీ పట్టుకెళ్లినప్పుడు ఆయన పక్కన కూర్చుని నేనూ లోపల్లోపల లెక్కపెట్టేవాణ్ణి. ఆయన "ఒకటి" అనగా నేనెప్పుడూ వినలేదు. "లాభం, రెండు, మూడు" అని పోయేవాడు. మా పశ్చిమ గోదావరిలో కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచేవాళ్లూ అంతే. మొదటి కుంచం పేరు లాభం. పంట పోయిన ఏడు కూడా లాభమే.

నేను 1987లో కలకత్తాలో ఉద్యోగంలో చేరి 2024లో రిటైరయ్యాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా "ఏం చేసేవారు సార్?" అని అడిగితే "హెవీ అయాన్ కొలిజన్స్" అని మొదలుపెట్టి, ఎదుటివాళ్ల మొహం చూసి, "లెక్కపెట్టేవాణ్ణి" అని ముగిస్తున్నాను. అబద్ధమేమీ కాదు. నాన్న బస్తాలు, నేను ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు. ఆయనకి హమాలీలు ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్లు, నాకు వందలకి వందలు ఒకేసారి వచ్చి పడేవి. తేడా అంతే.

భీమవరంలో బీఎస్సీ అయ్యాక ఆంధ్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ న్యూక్లియర్ ఫిజిక్స్‌లో సీటొచ్చింది. ఆ సబ్జెక్టు మీద ప్రేమతో చేరలేదు. మామూలు ఫిజిక్స్ లిస్టులో నా పేరు బాగా కింద ఉంది, ఇందులో కాస్త పైన ఉంది. చేరిన వారంలోనే తెలిసింది, అక్కడి న్యూక్లియర్ ల్యాబ్‌కి పునాది వేసింది స్వామి జ్ఞానానంద అని. మా జిల్లా మనిషే. భీమవరం పక్క గొరగనమూడి. భూపతిరాజు వారి అబ్బాయి సన్యాసం పుచ్చుకుని హిమాలయాలకు పోవడం, అక్కణ్ణించి యోగం గురించి చెప్పడానికి యూరప్ వెళ్లడం, వెళ్లినవాడు ఫిజిక్స్‌లో పడి ప్రాగ్‌లోనూ లివర్‌పూల్‌లోనూ పరిశోధన చేసి, 1950లలో విశాఖ వచ్చి ల్యాబ్ పెట్టడం. ఇదంతా మా సీనియర్లు చెబితే మొదట నమ్మలేదు. హాస్టల్ కుర్రాళ్లు కొత్తవాళ్లని ఆటపట్టించడానికి అల్లిన కథ అనుకున్నాను.

అక్కడే రేడియోధార్మికతని టిక్కులుగా వినిపించే గీగర్ కౌంటర్ ముందు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. నిమిషానికి ఎన్ని టిక్కులో రాయాలి. మొదటిసారి 104 వచ్చింది, రెండోసారి 93. తప్పు చేశాననుకుని కంగారుపడితే మా సార్ నవ్వి, వంద వచ్చేచోట పది అటూ ఇటూ ఉంటుందని, పదివేలు లెక్కపెడితే వంద అటూ ఇటూ ఉంటుందని చెప్పారు. ఎక్కువసేపు లెక్కపెట్టేవాడికే నిజానికి దగ్గరగా వెళ్లే హక్కు. దసరా సెలవుల్లో ఇదే నాన్నకి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "వందకి పది బస్తాలు అటూ ఇటూ అయితే షావుకారు నన్ను ఉంచుతాడేంట్రా?" అన్నాడు.

బొంబాయిలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్లో ఒక ఏడాది. తర్వాత పోస్టింగ్ కలకత్తా సాల్ట్‌లేక్‌లోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్‌కి. హౌరా మెయిల్ రాజమండ్రిలో ఎక్కితే మర్నాటికి దిగేవాణ్ణి. కణాలని తిప్పి తిప్పి వేగం పెంచే అక్కడి సైక్లోట్రాన్‌లో తొలి కిరణం, అంటే కణాల ధార, వచ్చింది 1977లో. నేను వెళ్లేసరికి దానికి పదేళ్లు. ఆల్ఫా కణాలతో ప్రయోగాలు సాగుతుండేవి. నేనూ వాటిలోనే పడేవాణ్ణేమో గానీ, అవి బికాశ్ సిన్హా గారు డైరెక్టర్‌గా ఉన్న రోజులు. క్వార్క్ గ్లూవాన్ ప్లాస్మా అనే మాట క్యాంటీన్‌లో టీతో పాటు వచ్చేది. నాకు బెంగాలీ కన్నా ముందు ఆ మాట అలవాటైంది.

అదేంటో చెప్పకుండా ముందుకి పోతే ఈ రాతకి అర్థం ఉండదు. ప్రోటాన్, న్యూట్రాన్ల లోపల క్వార్కులుంటాయి. గ్లూవాన్లు వాటిని జిగురులా పట్టి ఉంచుతాయి. ఒక్క క్వార్కుని విడిగా బయటికి లాగడం ఎవరి వల్లా కాదు. అయితే రెండు లక్షల కోట్ల డిగ్రీల దాకా వేడెక్కిస్తే ప్రోటాన్ల హద్దులు చెరిగిపోయి క్వార్కులూ గ్లూవాన్లూ ఒకే ముద్దలో తిరుగుతాయి. సూర్యుడి నడిబొడ్డున ఉండేది కోటిన్నర డిగ్రీలు. దానికి ఇది లక్ష రెట్లు పైమాట. విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకన్లలో అంతటా ఇదే ఉండేదని మా లెక్క. అంత వేడి పుట్టించాలంటే సీసమో బంగారమో, అలాంటి బరువైన న్యూక్లియస్‌లని దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టించాలి. అలా పుట్టిన ముద్ద ఎంతసేపు ఉంటుందంటే, సెకనుని కోటి ముక్కలు చేసి, అందులో ఒకదాన్ని మళ్లీ కోటి, దాన్ని మళ్లీ కోటి చేసి, చివరికి మిగిలిన దానిలో వందో వంతు. మా ఆవిడ దీన్ని "నీ జీతం ఒకటో తారీఖున ఉన్నంతసేపు" అంటుంది.

ముద్దని ఎవరూ చూడలేరు. అది చల్లారాక ఎగిరిపడే కణాలని పట్టుకుని, లోపల ఏం జరిగిందో వెనక్కి ఊహించాలి. పెళ్లి అయిపోయాక విస్తరాకులు చూసి వంటలు చెప్పడం లాంటిది. ఆ కణాల్లో ఎక్కువ భాగం పయాన్లు అనే తేలికపాటి కణాలు. వాటిలో మూడు రకాలు: ధన, రుణ, తటస్థ. తటస్థ పయాన్ పుట్టీ పుట్టగానే రెండు ఫోటాన్లుగా విడిపోతుంది. కాబట్టి ఫోటాన్లని లెక్కపెడితే తటస్థ పయాన్ల సంగతి తెలిసినట్టే. వై.పి. వియోగి గారి నాయకత్వంలో మావాళ్లు తలకెత్తుకున్నది ఈ పనినే. ఫోటాన్ మల్టిప్లిసిటీ డిటెక్టర్. మేం పీఎండీ అనేవాళ్లం. కలకత్తాతో పాటు భువనేశ్వర్, చండీగఢ్, జైపూర్, జమ్మూ వాళ్లూ కలిశారు. పెద్ద దేశాలు పెద్ద పెద్ద అయస్కాంతాలు కడుతుంటే, మనం మన చేతులతో చేయగలిగిన వస్తువు ఒకటి పట్టుకెళ్లి జెనీవా దగ్గరి పరిశోధన కేంద్రం సెర్న్‌లో పెట్టాలి. ఆలోచన అది.

చేతులతో అని ఊరికే అనలేదు. ముందు ఒక సీసపు రేకు. దాని వెనక మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న చిన్న చదరపు ప్లాస్టిక్ బిళ్లలు. పెద్ద గళ్ల నోటుపుస్తకం పేజీలోని గడులంత. ఫోటాన్ వచ్చి సీసంలో పడితే అక్కడ కణాల జల్లు లేచి నాలుగైదు బిళ్లలు గట్టిగా మెరుస్తాయి. విద్యుదావేశం ఉన్న కణం అయితే మామూలుగా దాటిపోతుంది, ఒక్క బిళ్ల కొంచెంగా మెరుస్తుంది. ఆ తేడాతో ఫోటాన్ని గుర్తుపట్టాలి. ప్రతి బిళ్లకీ ఒక సన్నటి ఫైబర్. ఫైబర్లన్నీ కట్టగా వెళ్లి కెమెరా ముందు ఆగుతాయి. మొదటి ప్రయోగం డబ్ల్యూఏ93. దానికి ఒక్కో పెట్టెలో 1,900 బిళ్లల చొప్పున నాలుగు పెట్టెలు, 7,600 బిళ్లలు. తర్వాతది డబ్ల్యూఏ98. అందులో 28 పెట్టెలు. గుణించుకోండి, 53,200.

ఆ బిళ్లలు ఎన్ని నా వేళ్ల మీదుగా పోయాయో చెప్పలేను. ఫైబర్ చివర గీత పడితే వెలుగు పోతుంది, కాబట్టి పాలిష్. ఒక బిళ్ల వెలుగు పక్క బిళ్లలోకి పోకూడదు, కాబట్టి అడ్డు. పెట్టె మూశాక చీకట్లో పరీక్ష. ఎక్కడో సూదిమొనంత కన్నం నుంచి వెలుతురు దూరేది, దాన్ని వెతకడానికి నల్ల గుడ్డ కప్పుకుని టార్చిలైటుతో పెట్టె చుట్టూ పాకేవాళ్లం. పీహెచ్‌డీ అంటే బోర్డు మీద సమీకరణాలు అనుకుని వచ్చిన నాకు తొలి రెండేళ్లూ నల్ల టేపు అతికించడంతోనే సరిపోయింది. మా వర్క్‌షాప్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, మేం దాదా అనేవాళ్లం. నేను అతికించిన టేపు పీకేసి, మాట్లాడకుండా మళ్లీ తను అతికించేవాడు. ఆయన పీకకుండా వదిలేసిన మొదటి పెట్టె నాకిప్పటికీ గుర్తుంది. పీహెచ్‌డీ డిగ్రీ చేతికిచ్చిన రోజు గుర్తులేదు.

జెనీవా మొదటిసారి వెళ్లినప్పుడు సూట్‌కేసులో స్వెటర్ల కన్నా కందిపొడి ఎక్కువ. సెర్న్‌లో మా ప్రయోగం వెస్ట్ ఏరియాలో ఉండేది. పక్కనే బ్యారక్ అనే రేకుల గది. రాత్రి పన్నెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా షిఫ్ట్. కొన్ని సెకన్లకో విడత చొప్పున కిరణం వస్తుంది, స్క్రీన్ మీద అంకెలు దూకుతాయి, మళ్లీ ఆగుతాయి. మిల్లులో లారీకీ లారీకీ మధ్య నాన్న బీడీ వెలిగించుకునే విరామం లాంటిది. ఫోన్లో అమ్మకి చెప్పాను, 1994 చివర్లో సీసం కిరణాలు మొదలయ్యాయని, వాటిని సీసం రేకు మీదే కొడుతున్నామని. "సీసం పెట్టి సీసాన్ని కొట్టడానికి అంత దూరం పోవాలా?" అంది. నిమిషానికి ఎంత బిల్లయ్యేదో తెలుసు కాబట్టి వాదించలేదు.

డేటా ఎక్సాబైట్ టేపుల్లో ఇంటికి తెచ్చుకునేవాళ్లం. చూడటానికి వీడియో కెమెరా క్యాసెట్లలా ఉంటాయి. ఒకసారి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆయన బ్యాగ్ తెరిపించి "ఏం సినిమాలివి?" అన్నాడు. సీసం న్యూక్లియస్‌లు ఢీకొన్న రికార్డులన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పై ఆఫీసర్ని పిలిచాడు. ఆ పై ఆఫీసర్ బీఎస్సీ ఫిజిక్స్. అరగంట కూర్చోబెట్టి టీ ఇచ్చి, సైక్లోట్రాన్ ఎలా పనిచేస్తుందో మళ్లీ చెప్పించుకుని పంపాడు.

ఇక నా పెద్ద తప్పు సంగతి. ఇది ఇన్నాళ్లూ మా గ్రూపు వాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లో సిద్ధాంతం వాళ్లు ఒక వింత చెప్పేవాళ్లు. వేడి ముద్ద చల్లారేటప్పుడు ఒక్కోసారి పయాన్లు మూడు రకాలూ సమానంగా పుట్టకుండా, ఒక పక్కకి ఒరిగిపోవచ్చని. అంటే ఒక ఢీలో ఫోటాన్లు దాదాపు ఉండకపోవచ్చు, ఇంకోదానిలో విపరీతంగా ఉండొచ్చు. దానికి డీసీసీ అని ముద్దుపేరు. బొలీవియాలోని చకల్టాయా కొండ మీద కాస్మిక్ కిరణాల్లో ఎప్పుడో ఇలాంటి విచిత్రమైన ఘటనలు చూశామని కొందరన్నారు, వాటిని సెంటారో అనేవాళ్లు. ఫోటాన్లు లెక్కపెట్టే పెట్టె మా దగ్గరుంది, ఆవేశం ఉన్న కణాలు లెక్కపెట్టే సిలికాన్ డిటెక్టర్ పక్కనే ఉంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే చాలు. నా థీసిస్ అదే.

ఒక రాత్రి కలకత్తాలో, బయట వాన, గ్రాఫ్‌లో ఒక పక్కకి జరిగిన గుంపు కనిపించింది. కొన్ని వందల ఢీలు. ఆవేశం ఉన్న కణాలు మామూలుగానే ఉన్నాయి, ఫోటాన్లు మాత్రం తక్కువ. చూస్తూ కూర్చున్నాను. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ చూశాను, గుంపు అక్కడే ఉంది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు రోజులూ సాల్ట్‌లేక్ రోడ్ల మీద ఎలా నడిచానో నాకే తెలుసు. నాలుగో రోజు ఆగలేక గ్రూపులో చూపించాను. అందరూ లేచి నిలబడ్డారు. వెనక కూర్చున్న దాదా ఒక్కడే, "ఇవన్నీ ఒకే రోజువా?" అన్నాడు.

ఒకే రోజువి. లాగ్‌బుక్ తెరిచాం. ఆ షిఫ్ట్‌లో ఒక కెమెరాని కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) కోసం ఆపినట్టు రాసి ఉంది. ఆ రాత నాదే. నేనే ఆపాను, నేనే రాశాను, రాసి మర్చిపోయాను. లెక్కలో వాడిన పనిచేయని బిళ్లల జాబితా అంతకుముందు వారానిది. చూడని బిళ్లల్ని చూసి, అక్కడ ఫోటాన్లు లేవని తేల్చాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే బాధ. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది.

తప్పు సరిదిద్దాక గుంపు పోయింది. ఆ తర్వాత ఏడాది పైగా లెక్కపెట్టాం. చివరికి 1998లో అచ్చయిన పేపర్‌లో చెప్పింది ఇదీ: మా కంటికి కనపడలేదు, ఒకవేళ ఉన్నా ఇంతకన్నా ఎక్కువ ఉండదు. ఇంగ్లీషులో అప్పర్ లిమిట్ అంటారు. నా పీహెచ్‌డీ సారాంశం అదే, "లేదు". మా మేనమామ థీసిస్ చూసి "ఇంతకీ ఏం కనిపెట్టావురా?" అంటే "లేదని కనిపెట్టాను మావయ్యా" అన్నాను. ఆయన దాన్ని పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వేవాడు. నిజానికి ఆ "లేదు" అనడానికి ఎంత కష్టపడాలో ఆయనకి తెలీదు. ఉందని చెప్పాలంటే ఒక గుంపు కనిపిస్తే చాలు. లేదని చెప్పాలంటే 53,200 బిళ్లల్లో ఏది ఏ రోజు కళ్లు మూసుకుందో తెలిసి ఉండాలి.

2000 ఫిబ్రవరిలో సెర్న్ కొత్త రకం పదార్థం ఆనవాళ్లు దొరికాయని ప్రకటించింది. అది మా ఒక్కరి ఫలితం కాదు, సీసం కిరణాలతో పనిచేసిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే వచ్చిన మాట. ఆ ఏడే అమెరికాలో లాంగ్ ఐలాండ్ మీద బ్రూక్‌హేవెన్‌లో రిక్ అనే యంత్రం మొదలైంది. 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత, రెండు వైపుల నుంచీ బంగారు న్యూక్లియస్‌లు. మేం అక్కడ స్టార్ అనే ప్రయోగంలో చేరాం. చేరాం అని ఒక్క ముక్కలో అంటున్నాను గానీ, 1998 మే పోఖ్రాన్ పరీక్షల తర్వాత అణుశక్తి శాఖ ఉద్యోగికి అమెరికా వీసా అంటే మామూలు వ్యవహారం కాదు. నా పాస్‌పోర్టు నాకన్నా ఎక్కువ రోజులు కిటికీల ముందు క్యూలో నిలబడింది. అది వదిలేద్దాం.

బంగారం అనగానే అమ్మ కంగారుపడింది. "కాసు ఎంతుందో తెలుసా? బంగారం పెట్టి కొట్టుకుంటారా?" యంత్రంలో ఒకసారి నింపే బంగారం గ్రాములో వంద కోట్ల వంతు కూడా ఉండదని లెక్క వేసి చెప్పాను. "అయితే మాత్రం" అంది.

స్టార్ కోసం పాత పద్ధతి మార్చేశాం. ప్లాస్టిక్ బిళ్లలు పోయి, ఆరు పలకల చిన్న గదులు వచ్చాయి. గదిలో ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువు, నడి మధ్య బంగారు పూత పూసిన ఇరవై మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ. అలాంటి గదులు 82,944. ఒక్కో గదిలో తీగ చేత్తోనే ఎక్కించాలి, బిగువు చూడాలి, అంటించాలి. కలకత్తా ఆగస్టులో గోడలకే చెమట పడుతుంది. తేమ ఎక్కువైతే కరెంటు లీకవుతుంది, కాబట్టి ల్యాబ్ అంతటికీ తేమ పీల్చే డీహ్యూమిడిఫయర్లు పెట్టి, మనుషులకి ఫ్యాన్లు కూడా లేకుండా పనిచేశాం. ఫ్యాన్ గాలికి ఆ తీగ ఎగిరిపోతే నేల మీద వెతకడం ఎవరితరం?

నాన్న రిటైరయ్యాక ఒక్కసారే కలకత్తా వచ్చాడు, సరిగ్గా ఆ రోజుల్లో. కాళీఘాట్ చూపించాను, దక్షిణేశ్వర్ చూపించాను, గేటు పాస్ తీసుకుని ల్యాబ్‌కీ తీసుకెళ్లాను. చెప్పులు విప్పించి, తెల్ల కోటు వేయించి లోపలికి పంపారు. ఆ కోటు ఆయనకి మోకాళ్ల దాకా వచ్చింది. బల్ల మీద పరిచి ఉన్న దాన్ని చూసి "తేనెపట్టు" అన్నాడు. ఇంగ్లీషులో మేం దాన్నీ అదే పేరుతో పిలుస్తాం, హనీకోంబ్. ఇద్దరు అమ్మాయిలు అద్దాల కింద తలలు వంచి తీగలు ఎక్కిస్తున్నారు. ఆయన అడక్కుండానే ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

"ఇన్ని గదుల్లో ఒకటి పాడైతే ఏం చేస్తారు?" అన్నాడు బయటికొస్తూ.

"ఏది పాడైందో జాబితా రాసుకుంటాం నాన్నా. లెక్కలో దాన్ని తీసేస్తాం."

"మేమూ అంతే. చిల్లు పడ్డ బస్తాకి సుద్దతో గుర్తు పెట్టి పక్కన పడేస్తాం. ఆ సుద్ద గుర్తు చూసుకోకపోతే సాయంత్రానికి లెక్క తేడా వస్తుంది." కొంచెం ఆగి, "ఒకసారి వచ్చింది" అన్నాడు. ఎప్పుడు, ఎంత అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. టాక్సీలో నా కెమెరా కథ ఆయనకి చెప్పాను. ఇంట్లో ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. ఆయన కిటికీలోంచి ట్రామ్ చూస్తూ "ఊఁ" అన్నాడు.

రిక్‌లో తేలినదాన్ని 2005లో ప్రకటించారు. మేమంతా ప్లాస్మా అంటే వాయువులా ఉంటుందనుకున్నాం, దేని దారిన అది ఎగిరిపోయేలా. తీరా చూస్తే ద్రవం. రెండు గుండ్రటి న్యూక్లియస్‌లు సరిగ్గా నడిమికి కాకుండా పక్కగా తగిలితే, మధ్యలో కలిసే భాగం బాదం గింజ ఆకారంలో ఉంటుంది. వాయువైతే అన్ని వైపులకీ ఒకేలా పోవాలి. కానీ కణాలు గింజ సన్నంగా ఉన్న వైపు ఎక్కువగా వచ్చాయి. అక్కడ ఒత్తిడి ఎక్కువ కాబట్టి అటు తోసింది. అంటే లోపలున్నదంతా ఒకదాన్నొకటి పట్టుకుని ఒక్కటిగా కదిలింది. దాని చిక్కదనాన్ని ఎంట్రోపీతో, అంటే లోపలి గందరగోళపు కొలతతో, పోల్చి చూస్తే నీటి కన్నా ఎంతో సాఫీగా పారేదని తేలింది. కాలువల జిల్లాలో పుట్టినవాణ్ణి, తూము ఎత్తితే నీళ్లు ఎటు ఎందుకు పోతాయో చిన్నప్పుడే చూశాను. అయినా నాకు తట్టలేదు. ప్రపంచంలో ఎవరికీ ముందు గట్టిగా తట్టలేదు, అదొక్కటే ఓదార్పు.

స్టార్ నుంచి నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె మాత్రం 18. వంద కోట్ల ఢీలు వెతికితే ప్రతిపదార్థపు హీలియం-4 న్యూక్లియస్‌లు, అంటే ఆవేశాలు తలకిందులైన యాంటీమ్యాటర్ హీలియం, పద్దెనిమిది దొరికాయి. 2011లో అచ్చయింది. అందులో నా పాత్ర రచయితల జాబితాలో పేరు దాకానే. కానీ వంద కోట్లలోంచి పద్దెనిమిదిని ఏరి, ఇవి ఇవే అని చెప్పగలగడం చూసి మా మిల్లు గేటు గుర్తొచ్చింది. అక్కడ నూకలు ఏరే ఆడవాళ్లుండేవారు.

రచయితల జాబితా అన్నాను కదా, అదొక ప్రహసనం. మనం ఇంటిపేరుని ముందు ఒక్క అక్షరంగా పెట్టుకుంటాం. వాళ్లకి చివర ఉన్నదే ఇంటిపేరు. ఒక ప్రయోగంలో నా పేరు ఒక అక్షరం కింద, ఇంకోదానిలో మరో అక్షరం కింద పడింది. తర్వాత సెర్న్‌లో మేం చేరిన ఆలిస్ ప్రయోగంలో ఒక్కో పేపర్‌కి వెయ్యి మంది దాకా రచయితలు. నాన్న భూతద్దం పెట్టుకుని నా పేరు వెతికేవాడు. దొరక్క, "నిన్ను తీసేశారా?" అని ఫోన్ చేశాడు ఒకసారి.

ఆలిస్ గురించి తక్కువ రాస్తాను. కొత్తగా గడిచిన కాలం ఇంకా జ్ఞాపకంగా మారలేదేమో. సెర్న్‌లో కణాలని ఢీకొట్టించే పెద్ద యంత్రం, 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ సొరంగం మీద, ఫ్రాన్స్ వైపు, నేలకి 56 మీటర్ల లోతున పది వేల టన్నుల డిటెక్టర్. మన పీఎండీ అందులో ఒక మూల. ఈసారి గదులు మరీ చిన్నవి, 48 మాడ్యూళ్లలో 2,21,184. 2008 సెప్టెంబరులో యంత్రం మొదలైన తొమ్మిది రోజులకే హీలియం లీకై ఆగిపోయింది. ఏడాది పైగా అందరం గోళ్లు కొరుక్కున్నాం. 2010 నవంబరు 8న సీసం ఢీలు సరిగ్గా మొదలయ్యాయి. కంట్రోల్ రూములో జనం కిక్కిరిసి ఉన్నారు. స్క్రీన్ మీద మొదటి ఢీ వచ్చింది. వేల గీతలు ఒక్క చుక్క నుంచి, దీపావళి చిచ్చుబుడ్డి గుండ్రంగా పేలినట్టు. అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఎవరో షాంపేన్ తెచ్చారు. నా నోట్లోంచి "లాభం" అని వచ్చింది. పక్కనున్న ఇటలీ కుర్రాడు అదేదో సంస్కృత శ్లోకం అనుకున్నట్టున్నాడు, చేతులు జోడించాడు. నేనూ జోడించాను.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేయడానికి లేదు. ఆయన పోయి అప్పటికి ఏడాదిన్నర.

అమ్మ ఉంది. మొన్న 2025లో పేపర్లో వార్త వచ్చింది, ఎల్‌హెచ్‌సీలో సీసం బంగారంగా మారిందని, ఆలిస్ వాళ్లు లెక్కపెట్టారని. రెండు సీసం న్యూక్లియస్‌లు తగలకుండా పక్కపక్క నుంచి దూసుకుపోతే ఒక్కోసారి ఒకదానిలోంచి మూడు ప్రోటాన్లు రాలిపోతాయి. 82లోంచి మూడు పోతే 79, బంగారం. 2015 నుంచి 2018 దాకా అలా పుట్టినవి 8,600 కోట్ల న్యూక్లియస్‌లు. బరువు 29 పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతులు ఇరవై తొమ్మిది. అదీ కంటికి కనపడేలోపే పోతుంది. అమ్మ ఆ వార్త మా చెల్లెలి చేత రెండుసార్లు చదివించుకుని నాకు ఫోన్ చేసింది. "చూశావా, నువ్వు పాడుచేసిన బంగారం వాళ్లు మళ్లీ చేశారు" అంది.

పీఎండీని ఆలిస్ నుంచి తీసేసింది 2018 చివర్లో యంత్రం ఆగాక, పెద్ద మార్పుల సమయంలో. కొత్త డిటెక్టర్లకి చోటు కావాలి. దానికి బాధపడటానికేం లేదు, ఏ డిటెక్టర్‌కైనా ఒక వయసుంటుంది. నేనూ మా స్టూడెంటు ఒక బెంగాలీ కుర్రాడూ వెళ్లాం. ఎర్రటి అయస్కాంతం తలుపులు తెరిచి ఉన్నాయి. ఒక్కో మాడ్యూల్ బయటికొస్తుంది, రేడియేషన్ చూసే ఆయన మీటర్ పెట్టి తలూపుతాడు, చీటీ అంటిస్తారు, స్టోర్స్ మనిషి ఫ్రెంచిలో లెక్కపెట్టి రాసుకుంటాడు. పక్కన నేను ఒక పెట్టె మీద కూర్చుని నా లెక్క నేను రాసుకుంటున్నాను.

చివరికి ఆయనకి 48 వచ్చాయి. నాకు 47.

ఆయన మర్యాదస్తుడు, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆయనకి 48, నాకు 47. ఒక మాడ్యూల్ లోపలే ఉండిపోయిందేమోనని ఒకరు టార్చి వేసి చూసొచ్చారు. మూడోసారి లెక్కపెడుతుంటే మావాడు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "సార్, మొదటిదానికి మీరు ఏదో అంటున్నారు. రెండోదాని దగ్గర వన్ అంటున్నారు."

నా కాగితం మీద 47 కొట్టేసి 48 వేసి సంతకం పెట్టాను.